ఎందుకూ పనికిరాని శలభం

2018 జనవరిలో ఒక డిగ్రీ తరగతిలో, ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు నేను తప్పు సమాధానం చెప్పాను. తప్పని చెబుతున్నప్పుడే తెలుసు. తెలిసీ చెప్పాను. మా వృత్తిలో ఇటువంటివి చాలా జరుగుతాయి. గంట కొట్టగానే మరచిపోతాం. ఇది మాత్రం ఇన్నేళ్ళయినా మరపుకు రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఆనాటి పాఠం జీవపరిణామం. 1859లో వచ్చిన తన గ్రంథంలో డార్విన్ మదీరా దీవి పెంకు పురుగులను గురించి రాశాడు. అక్కడి 550 జాతుల్లో 200 జాతులు ఎగరలేవు. కారణం గాలి. ఎగిరే వాటిని గాలి సముద్రం పాలు చేసింది. నేలనంటి ఉన్నవి మిగిలి పిల్లల్ని పెట్టాయి. తరతరాలకు రెక్క కురచబడింది. రెక్క ఉండటం ఎప్పుడూ మేలే, లేకపోవడం ఎప్పుడూ లోపమే అనుకొనే బుద్ధికి ఇది మంచి చికిత్స. నేను పుస్తకంలోని ఉదాహరణతో ఆగక, నాకు ప్రీతిపాత్రమైన మరొక ఉదాహరణ కూడా ఇచ్చాను. అక్కడ చిక్కుపడ్డాను.

న్యూజిలాండ్ దక్షిణ ద్వీపానికి తూర్పు తీరాన, క్రైస్ట్‌చర్చ్ నగరానికి దక్షిణంగా, కైటొరెటె అనే గులకరాళ్ళ కట్ట ఒకటి ఉన్నది. పొడవు సుమారు 25 కిలోమీటర్లు. ఒక పక్క పసిఫిక్ మహాసముద్రం, రెండో పక్క మావోరీలు టె వైహోరా అని పిలిచే పెద్ద సరస్సు. చెట్టు నిలవని చోటు, గాలి ఆగని చోటు. గులకరాళ్ళ మధ్య రావులియా అనే మొక్క చాప పరచినట్లు నేలకు కరచుకొని పెరుగుతుంది. చేమంతి కుటుంబానిదే గాని, మన చేమంతిలాగా తల ఎత్తుకొని నిలబడితే ఆ గాలికి బతకదు. ఆ చాపను ఆశ్రయించుకొని ఒక చిన్న శలభం ఉన్నది. శాస్త్రనామం కివాయా జీనే. రెక్కలున్నాయి గాని ఎగరడానికి చాలవు. మిడతలాగా గెంతుతుంది. ఆ గొంగళి రావులియాను తిని పెరుగుతుంది, ఆ శలభం అక్కడే గెంతి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే చస్తుంది. ఆ కట్ట దానికి ప్రపంచం.

వెనుక బెంచీలో కూచున్న కుర్రవాడు లేచాడు. పల్నాటి వైపు పత్తి రైతు కొడుకు. వెటకారం లేదు వాడి గొంతులో.

“దాని వల్ల ఎవరికేం లాభం మాస్టారూ?”

తరగతి నవ్వింది. నేను కూడా నవ్వి, పుస్తకాల్లో దొరికే సమాధానం చెప్పాను: రేపు దానిలోంచి ఏ మందో కనిపెట్టవచ్చు, ఆహారపు గొలుసులో అదొక లంకె, ఒక లంకె తెగితే గొలుసంతా తెగుతుంది. వాడు తల ఊపి కూచున్నాడు. వాడు నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

ఆ కుర్రవాడి ఇంటి సంగతి నాకు తెలుసు. అంతకు ముందు పంటకాలంలో, 2017లో, గులాబీ రంగు పురుగు పత్తి చేలను తినేసింది. మహారాష్ట్రలో, తెలంగాణలో, మన దగ్గరా. పువ్వు విచ్చుకోక ముడుచుకొని ఉంటే మనవాళ్ళు గుడ్డిపూలు అంటారు. చేనంతా గుడ్డిపూలయితే ఇంట్లో దీపానికి నూనె ఎక్కడిది? ఆ ఇంటి పిల్లవాడి ముందు నిలబడి, పదివేల కిలోమీటర్లకు పైబడిన దూరాన గులకరాళ్ళలో గెంతే పురుగు మీద నేను ప్రేమ ఒలకబోశాను. లాభమేమిటని అడిగే హక్కు వాడికున్నది.

చుట్టరికం సంగతి తరవాత గాని నాకు స్ఫురించలేదు. ఆ ఎగరని శలభమూ, మన పత్తిలో గులాబీ పురుగూ ఒకే కుటుంబానివి. శాస్త్రజ్ఞులు గెలీకియిడే అంటారు. గులాబీ పురుగుకు శాస్త్రనామం వచ్చింది 1840లలో. భరూచ్ దగ్గర ప్రభుత్వం అమెరికా రకం పత్తిని వేయించి చూస్తే పురుగు తినేసింది. ఆ పురుగును ఇంగ్లండుకు పంపారు, అక్కడ పేరు పెట్టారు. మాంచెస్టరు మగ్గాలకు పత్తి కావాలి, పత్తికి నష్టం వచ్చింది, నష్టానికి కారణమైనదాన్ని పట్టుకొని పేరు రాశారు. దొంగకు ఠాణాలో పేరు రాసినట్లు. రెండోదానికి పేరు పెట్టింది ఆల్ఫ్రెడ్ ఫిల్పాట్ అనే ఆయన, 1930లో. అదే సంవత్సరం ఆయన చనిపోయాడు. దాని వల్ల ఎవరి పత్తీ పోలేదు, ఎవరికీ పైసా రాలేదు. ఉన్నది కాబట్టి, ఉన్నదని రాశాడు. కివాయా అన్న మాట వింటే ఆ దేశపు ఎగరని పక్షి కివీ గుర్తుకు రాక మానదు.

మన భాష కేసి చూస్తే మొదటి రకం పేర్లే ఎక్కువ. పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు, ఎర్ర గొంగళి పురుగు, కాయ తొలిచే పురుగు. ఏ పంటను తింటుందో, ఎట్లా తింటుందో, అదే దాని పేరు. ఏమీ తినకుండా, మన జోలికి రాకుండా బతికేవాటికి పేరే లేదు. అన్నీ కలిపి రెక్కల పురుగులు. ఇక మన కవులకు శలభం అంటే దీపంలో పడి చచ్చేది ఒకటే. అది కూడా ప్రియుడికి పోలిక కోసం. దీనికి రైతును తప్పు పట్టేవాడు మూర్ఖుడు. చేతిలో అప్పుకాగితం ఉన్నవాడికి ప్రపంచం రెండు ముక్కలుగానే కనబడుతుంది: నిలబెట్టేవి, ముంచేవి. ఆ చూపు వాడు పుట్టుకతో తెచ్చుకొన్నది కాదు. వాడి చేత చూపించారు.

ఇప్పుడు నా సమాధానం ఎందుకు తప్పో చెబుతాను. “రేపు మందు కావచ్చు” అనడం ఆ కుర్రవాడి కొలబద్దనే ఒప్పుకొని, దాని మీద దొంగ నోటు రాసి ఇవ్వడం. ఇవాళ లాభం లేదు, రేపు ఉంటుంది, అంతవరకు ఆగు అని. వడ్డీ వ్యాపారి భాష అది. రేపు పరీక్షించి చూసి దానిలో మందు లేదని తేలితే? అప్పుడు చంపవచ్చునా? గొలుసు వాదమూ అంతే. ఆ శలభం పోతే పసిఫిక్ సముద్రం ఇంకదు. చాప మొక్కలు ఉంటాయి, గాలి ఉంటుంది. గొలుసులో కొన్ని లంకెలు పోయినా గొలుసు నడుస్తూనే ఉంటుంది, మన గొలుసు మరీను. ఆ మాట దాచిపెట్టి పిల్లవాణ్ణి భయపెట్టడం సైన్సు కాదు.

మా మిత్రుల్లో ఒకరితో ఈ సంగతి చెబితే, ఆయన నన్ను సిద్ధాంతం వైపు నుంచి పట్టుకొన్నారు. విలువ అనేది మానవశ్రమ వల్ల వస్తుంది, శ్రమ తాకని ప్రకృతికి విలువ లేదు, కనుక నీ పురుగు ప్రశ్న భావవాదుల ప్రశ్న అన్నారు. చాలామంది నిజాయితీపరులైన మనవాళ్ళు ఇట్లాగే అనుకొంటున్నారు గనుక కొంచెం నిలబడి చూడాలి.

మార్క్స్ విలువ అని పేరు పెట్టింది సరుకుల సమాజం వేసుకొనే లెక్కకు. ఆ లెక్క ఎట్లా నడుస్తుందో విప్పి చూపించాడు. ఆ లెక్కే ప్రపంచానికి న్యాయం అని ఆయన అనలేదు. అట్లా అన్నది ఆయన శత్రువులు. గాలికి, దున్నని నేలకు విలువ లేకపోయినా ఉపయోగం ఉన్నదని పెట్టుబడి మొదటి అధ్యాయంలోనే రాశాడు. 1875లో జర్మన్ కార్మిక పార్టీ ముసాయిదా శ్రమే సకల సంపదకూ మూలం అని మొదలుపెడితే, కాదు, ప్రకృతి కూడా మూలమేనని గట్టిగా దిద్దాడు. శ్రమను అట్లా ఆకాశానికెత్తడం యజమానులకే అనుకూలమని ఆయన ఎత్తిపొడుపు: శ్రమ తప్ప మరేమీ లేనివాడు, నేలను చేజిక్కించుకొన్నవాడి కింద పడి ఉండవలసిందే గదా! కాబట్టి మా మిత్రుడు ఒక దుకాణం చిట్టాను పట్టుకొని అదే నీతిశాస్త్రం అంటున్నారు. చిట్టాలో లేనిది దుకాణంలో లేదు అనవచ్చు. లోకంలో లేదు అనరాదు.

మన మాటలోనే ఈ తికమక ఉన్నది. విలుచు అంటే కొనడం; అందులోంచి విలువ. పెద్దమనిషికి విలువ ఉంది అన్నా, ఎడ్లజతకు విలువ ఉంది అన్నా ఒకటే మాట. అయితే అదే భాష “వెలలేనిది” అన్నప్పుడు చవకబారుదని అర్థం చెప్పుకోదు. సంతలో పుట్టిన మాట సంతను దాటి ఎక్కడికో పోయింది. తెలుగువాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు కొలత అందని వస్తువును చూసి ఉండాలి.

మరొక ఆత్మవిమర్శ కూడా చేసుకోవాలి. కళ కళ కోసమే అన్నవాళ్ళతో మనం దశాబ్దాల తరబడి పోట్లాడాం. పోట్లాడవలసిందే. ఆకలి రాజ్యంలో అది తప్పించుకొనేవాడి మాట. కాని ప్రయోజనం, ప్రయోజనం అని అడిగి అడిగి, ఆ అడగడం మనకొక అలవాటయింది. పద్యాన్ని అడిగాం, పాటను అడిగాం. చివరకు గులకరాళ్ళలో గెంతేదాన్ని కూడా రసీదు చూపించమంటున్నాం. మనం ఎవరి ప్రయోజనం అని అడగాలని నేర్చుకొన్నవాళ్ళం. ఏం లాభం అని అడగడం షావుకారు దగ్గర నేర్చుకొన్నది. రెంటికీ మధ్య దూరం చాలా ఉన్నది.

సరే, ఇటువంటి పురుగును చూడటానికి ఎవరికి తీరిక? ఇక్కడ నాకొక ఆశ్చర్యకరమైన కథ దొరికింది. జార్జి వెర్నన్ హడ్సన్ అనే ఆయన 1867లో లండన్‌లో పుట్టి, కుర్రతనంలోనే న్యూజిలాండ్ చేరి, వెల్లింగ్టన్ తపాలా కార్యాలయంలో గుమాస్తాగా చేరాడు. షిఫ్టు పని. షిఫ్టు దిగగానే వల పట్టుకొని పురుగుల వెంట పోయేవాడు. ఎండాకాలంలో ఉద్యోగస్థుడు లేవకముందే వెలుగు వచ్చేసి వృథా అయిపోతున్నది, గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరిపితే పని అయ్యాక ఇంకా పగలు మిగులుతుంది అని 1895లో వెల్లింగ్టన్ తాత్త్విక సంఘంలో ఒక వ్యాసం చదివాడు. విన్నవాళ్ళు ఎగతాళి చేశారు. ఇవాళ ఎన్నో దేశాలు ఏటా గడియారాలు జరుపుతున్నాయి; ఆ ఆలోచన మొదట కలిగినవాళ్ళలో ఒకడు పురుగుల కోసం పగటివెలుగు కోరిన గుమాస్తా! 1928లో ఆయన ఆ దేశపు సీతాకోకచిలుకలు, శలభాల మీద పెద్ద గ్రంథం వేశాడు. బొమ్మలు కూడా తానే వేశాడు.

ఆ గుమాస్తాకు సాయంత్రం ఎక్కడిది? దానికీ చరిత్ర ఉన్నది. అదే వెల్లింగ్టన్‌లో 1840లో శామ్యూల్ పార్నెల్ అనే వడ్రంగి, కొట్టు కట్టిపెట్టమన్న వర్తకుడితో రోజుకు ఎనిమిది గంటలే పనిచేస్తాను, ఇష్టమైతే సరే అన్నాడు. కొత్త వలసలో వడ్రంగులు తక్కువ. వర్తకుడు ఒప్పుకోక తప్పలేదు. తరవాత పనివాళ్ళు కూడబలుక్కొని ఆ నియమాన్ని నిలబెట్టారు, ఎక్కువ గంటలు చేసేవాణ్ణి రేవులో ముంచుతామన్నారట. పార్నెల్ ఎనిమిది గంటలకూ హడ్సన్ పురుగులకూ నేరుగా ముడివేయడం చారిత్రకంగా అతి అవుతుంది. కాని పనివాడికి తనదైన పొద్దు ఉండాలన్న మాట చెల్లిన చోటే, ఎందుకూ పనికిరానిదాన్ని తేరిపార చూసే కన్ను గుమాస్తాకు దక్కింది. తీరిక లేనివాడు లాభాన్ని తప్ప మరొకదాన్ని చూడలేడు. మా కుర్రవాడి తండ్రికి ఏ కార్మిక చట్టమూ సాయంత్రం ఇవ్వలేదు.

అయితే ఈ కథను ఇక్కడ ఆపితే అది అబద్ధమవుతుంది. ఆ వడ్రంగీ, ఆ గుమాస్తా, ఆ ఫిల్పాట్ నిలబడ్డ నేల ఎవరిది? 1848లో కెంప్ దస్తావేజు అనే కాగితంతో దక్షిణ ద్వీపంలో సుమారు 2 కోట్ల ఎకరాలను ఙాయి టహు తెగ దగ్గర 2000 పౌన్లకు రాయించుకొన్నారు. పౌనుకు పదివేల ఎకరాలు. వాళ్ళ కోసం విడిచిపెడతామన్న భూములు సరిగా విడవలేదు. నూటయాభై ఏళ్ళు పోరాడాక, 1998లో చట్టం చేసి, ప్రభుత్వం క్షమాపణ చెప్పి, కొంత పరిహారమిచ్చింది. టె వైహోరా సరస్సు అడుగునేల అప్పుడే తిరిగి వాళ్ళదయింది. శలభాలకు మావోరీ భాషలో పేర్లు ముందునుంచీ ఉన్నాయి, పెపె అని, పూరేరేహువ అని. లోకం దృష్టిలో మాత్రం ఒక పురుగు “కనుగొనబడటం” అంటే లాటిన్ పేరు పడటమే. నేలను దస్తావేజుతో పట్టినట్లే, నేల మీది ప్రాణిని పేరుతో పట్టారు అని ఎవరైనా అంటే నేను అడ్డు చెప్పలేను. కాని అంతటితో సరిపెట్టనూ లేను. దస్తావేజు వల్ల కొందరి కూడు పోయింది. ఫిల్పాట్ పేరు వల్ల శలభానికి పోయినది లేదు. ఇవాళ దాని పక్షాన మాట్లాడాలన్నా ఆ పేరుతోనే మాట్లాడాలి.

ఇంకొక ఆక్షేపణ ఉన్నది, ఇది బలమైనది. ప్రాణుల మీద ఈ దయ అంతా కడుపు నిండినవాళ్ళది, దాని ఖర్చు మాత్రం పేదవాడి నెత్తిన అని. నిజం. పులుల పేరు చెప్పి అడవిలో పుట్టినవాళ్ళను అడవి విడిచిపొమ్మన్న దేశం మనది. అట్లాంటి దయ నాకు వద్దు. అందుకే నేను ప్రతి చోటా మొదట అడిగేది, ఈ ప్రాణి బతకడానికి ఎవరి నోటి దగ్గరి కూడు తీయాలి అని. గులాబీ పురుగు విషయంలో జవాబు స్పష్టం. దానికీ రైతుకూ మధ్య నేను రైతు పక్షం, తడబాటు లేదు. అమెరికాలో ప్రభుత్వమూ రైతులూ కలిసి, సంతానం లేని శలభాలను కోట్లకొద్దీ వదలడంతో సహా ఎన్నో ఉపాయాలు పన్ని, 2018లో తమ పత్తి చేలల్లో ఆ పురుగు లేకుండా చేశామని ప్రకటించారు. నాకు కన్నీరు రాలేదు. వచ్చిన బాధల్లా మనగురించే: 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు పురుగు పీడ విరగడయినట్లేనని ఊదరగొట్టి, పదేళ్ళు తిరగకముందే గుజరాత్ చేలల్లో పురుగు దానికి లొంగడం మానేస్తే, ఇక్కడ ప్రతి రైతునూ ఒంటరిగా డబ్బాతో, అప్పుతో చేలో నిలబెట్టాం.

కైటొరెటెలో ఎవరి కూడు? ఎవరిదీ కాదు. అక్కడ ఆ చాప మొక్కలను నలిపేది ఆకలి కాదు, సరదాకు తీరం వెంట తోలుకొనిపోయే మోటారు బళ్ళు. 2021లో అక్కడి ప్రభుత్వమూ రెండు స్థానిక మావోరీ మండళ్ళూ కలిసి ఆ కట్ట మీద సుమారు వెయ్యి హెక్టార్లు కొన్నాయి. రాకెట్లు, విమానాల ప్రయోగాలకు. దానితోపాటు ఆ నేలను, దాని ప్రాణులను తిరిగి కోలుకొనేటట్లు చేయడానికి అని చెప్పారు. నేల పోగొట్టుకొన్నవాళ్ళ సంతతి ఇప్పుడు ఒప్పందంలో భాగస్వాములు గనుక నేనిక్కడ కూచొని తీర్పు చెప్పను. ఆకాశానికి పోయే యంత్రమూ, నేలను విడవలేని శలభమూ ఒకే గులకరాళ్ళ మీద. ఏదో ఒకటి జరగవలసి వచ్చినప్పుడు యంత్రానికి మరొక తీరం వెతకవచ్చు. శలభం గెంతి సముద్రం దాటలేదు.

అవసరం వేరు, లాభం వేరు. ఈ ముక్క తరగతిలో నా నోటికి రాలేదు. అవసరం కోసం మనిషి ప్రకృతితో పోరాడతాడు, పోరాడితే తప్పు లేదు. ఆ పోరాటానికి ఒక హద్దు ఉన్నది, కడుపు నిండిన చోట అది ఆగుతుంది. లాభానికి కడుపు లేదు, అందుకే ఆగదు. దానికి అడ్డం వచ్చిన దేనినైనా “ఎందుకూ పనికిరానిది” అంటుంది. ముందు పురుగును అంటుంది, ఆ తరవాత పనిచేయలేని ముసలివాణ్ణి అంటుంది, పని దొరకని కుర్రవాణ్ణి అంటుంది. నిజానికి ఆ రోజు తరగతిలో ఎంతమందికి రేపు పని దొరుకుతుందని? లాభం లేనిదానికి బతుకు ఎందుకు అన్న ప్రశ్న ఆ బెంచీల మీద కూచున్నవాళ్ళ మీదికే వస్తుందని నేను చెప్పవలసింది. మందు కథ చెప్పాను.

ఆ వేసవి సెలవులకు ముందు ఆ కుర్రవాడు అధ్యాపకుల గదికి వచ్చాడు. పరీక్ష రుసుము సంగతి మాట్లాడి, పోబోతూ ఆగాడు.

“ఆ పురుగు బొమ్మ ఫోనులో వెతికి మా నాన్నకు చూపించాను మాస్టారూ. మన చేలో పురుగుకు చుట్టమట అని చెప్పాను.”

చుట్టరికం మాట నేను తరవాతి పాఠంలో చెప్పి ఉన్నాను.

“ఏమన్నారు?”

“చాలాసేపు చూశాడండీ. చుట్టమైతే మాత్రం దీని తప్పేముందిరా అన్నాడు. అక్కడ పత్తి వేస్తారేమో మిమ్మల్ని అడగమన్నాడు.”

“వేయరు” అన్నాను.

“నేనూ అదే చెప్పానండీ.”